'మే' అని రాసిన డిస్కు

హనుమకొండ,
18 జూన్ 2025

రమాకాంత్ అన్నకు,

రోజూ నెక్కొండ నుంచి రైల్లో మా బడికి వచ్చే అనసూయ టీచరు చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. ఫోన్ చేయొచ్చు. కానీ నువ్వు చెప్పే సామాన్ల పేర్లు విన్నవి విన్నట్టే మర్చిపోతాను. కాగితం మీద రాసి ఉంటే షాపులో చూపించుకోవచ్చు.

మీ బావ పోయి పది నెలలు దాటింది. తొర్రూరులో స్టూడియో మూసినప్పుడు తెచ్చిన హార్డ్ డిస్కులన్నీ ఒక గుడ్డ సంచిలో బీరువా అడుగున ఉన్నాయి. ఇప్పటికీ ఊళ్ల నుంచి ఫోన్లు వస్తాయి. మొన్న ఒకామె, "మేడం, మా పెండ్లి వీడియో ఉన్నదా? మా నాయిన అండ్ల తప్ప ఇంకెక్కడ లేడు" అని అడిగింది. చూస్తానని చెప్పి, ఒక డిస్కు తీసి లాప్‌టాప్‌కు పెట్టాను. ఎవరిదో పెళ్లి. బొమ్మ మొదలయ్యే ముందు కెమెరా వెనక నుంచి ఆయన గొంతు, "అందరు జర ఇటు సూడుండ్రి" అని. మూత వేసేశాను. గంట తర్వాత మళ్లీ తెరిచి ఆ ఒక్క మాటే ఐదారుసార్లు విన్నాను.

ఇవన్నీ ఒక్క చోట పెట్టాలి అన్నా. అడిగినవాళ్లకు ఇవ్వాలి, నేను టీవీలో చూసుకోవాలి. దాన్ని హోమ్ సర్వర్ అంటారని బడిలో కంప్యూటర్ సారు చెప్పాడు. ఏ పెట్టె కొనాలో, లోపల ఏమేం వేయాలో నాకు తెలియదు. మీ బావతో ఇరవై ఏళ్లు పనిచేసినవాడివి, నువ్వే చెప్పు.

నీ చెల్లెలు
యమున

*

నెక్కొండ,
23 జూన్ 2025

చెల్లె యమునకు,

నీ ఉత్తరం అందింది. బావ గొంతు విన్నానని రాశావు. షాపులో గిరాకీలు ఉన్నా కాసేపు పని ఆపేశాను.

పెద్ద మిషన్ అక్కర్లేదు. ప్రాసెసర్ ఐ3 చాలు, కానీ గ్రాఫిక్స్ అందులోనే ఉన్నది తీసుకో. అప్పుడు టీవీలో బొమ్మ ఆగకుండా ఆడుతుంది. బోర్డుకు ఆరు డిస్కులు పెట్టే తావు ఉండాలి. రేపు ఇంకో రెండు పెట్టాలనుకుంటే మళ్లీ బోర్డు మార్చే పని ఉండదు. ర్యామ్ పదహారు జీబీ. సిస్టమ్ కోసం ఒక చిన్న ఎస్‌ఎస్‌డి. అసలు సరుకు పెట్టడానికి రెండు పెద్ద హార్డ్ డిస్కులు, రాత్రింబవళ్లు తిరగడానికి తయారుచేసినవి. మామూలు కంప్యూటర్ డిస్కులు వేడికి ఆగవు. రెండూ ఒకే సైజువి, కానీ వేర్వేరు షాపుల్లో కొను. ఒకే పెట్టెలో వచ్చినవి ఒకే వారంలో చస్తాయి, నేను చూశాను. రెండింటినీ అద్దంలా కలపాలి. ఇందులో రాసింది అందులోనూ పడుతుంది. ఒకటి పోయినా రెండోది కాపాడుతుంది.

గాలి ఆడే పెట్టె కొను, ముందొక ఫ్యాను, వెనకొక ఫ్యాను. కరెంటు సరఫరా చేసే డబ్బా విషయంలో తక్కువదానికి పోకు. యూపీఎస్ తప్పనిసరి. ఇంకో మాట. ఎర్త్ లేని సాకెట్‌కు పెట్టొద్దు. పెట్టేముందు కరెంటు మనిషిని పిలిచి గోడలో వైరు చూపించు. ఈ ఒక్కటి నాకోసం విను.

బావ ఎన్ని డిస్కులు వదిలిపోయాడు? ఒక్కొక్కదాని మీద ఏం రాసి ఉందో, ఎంత సైజో చూసి రాయి.

నీ అన్న
రమాకాంత్

*

హనుమకొండ,
4 జూలై 2025

అన్నకు,

నీ ఉత్తరం మడత పెట్టి పర్సులో పెట్టుకుని చౌరస్తా దగ్గర చంద్రమౌళి అనే ఆయన కంప్యూటర్ షాపుకు పోయాను. ఆయన నీ కాగితం మొత్తం చదివి, "రాసినాయనకు పని తెలుసు మేడం" అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, పెట్టె, యూపీఎస్ కుదిరాయి. చిన్న ఎస్‌ఎస్‌డి కూడా. పెద్ద డిస్కులు మాత్రం ఇంకా కొనలేదు. ఎర్త్ సంగతి నువ్వు చెప్పినట్టే చూపించాను. హాల్లో సాకెట్‌కు ఎర్త్ వైరు అసలు కలపనే లేదట. పదిహేనేళ్లుగా అలాగే వాడుతున్నాం.

సంచిలో పదకొండు డిస్కులు ఉన్నాయి. ఒక్కొక్కదానికి తెల్ల టేపు అంటించి, మీ బావ తన చేతితో సంవత్సరం రాసుకున్నాడు. చిన్నవి తొమ్మిది, 2005 నుంచి 2012 దాకా ఏడాదికొకటి, పెళ్లిళ్లు ఎక్కువైన 2010కి రెండు. పెద్దవి రెండు, ఒకటి 2013. రెండోదాని మీద సంవత్సరం లేదు. 'మే' అని మాత్రమే ఉంది. అదొక్కటే పాత బనియన్ గుడ్డలో చుట్టి ఉంది. ఏ సంవత్సరం మే నెలో నీకేమైనా గుర్తుందా?

స్టూడియో పంచుకుని నువ్వు నెక్కొండ పోయింది 2014లోనే కదా. ఆ తర్వాతవి వేరే ఎక్కడైనా పెట్టాడేమో మరి.

యమున

*

నెక్కొండ,
6 జూలై 2025

చెల్లెకు,

నీ ఉత్తరం నిన్న అందింది, వెంటనే రాస్తున్నాను.

కొత్త డిస్కులు కొనకు, ఆలోచించి చూస్తే దండగ అనిపించింది. బావ డిస్కుల్లో పెద్దవి రెండున్నాయన్నావు కదా, 2013ది, ఆ 'మే'ది. రెండూ ఒకే సైజు, ఎక్కువ వాడినవి కావు. వాటినే మిషన్‌లో బిగించు. మొదటిసారి తయారుచేసేటప్పుడు, ఇందులో ఉన్నదంతా చెరిపేయనా అని అడుగుతుంది. భయపడకు, అవును అని నొక్కు. చెరిగేది లోపలి పట్టిక మాత్రమే. బొమ్మలు ఎటూ పోవు, తర్వాత అన్నీ కనిపిస్తాయి.

ముందు ఆ రెంటితో మొదలుపెట్టు. మిగతావి తర్వాత చూద్దాం.

'మే' ఏ సంవత్సరమో నాకు గుర్తు లేదు. దాన్ని విడిగా లాప్‌టాప్‌కు పెట్టి చూడాల్సిన పని లేదు. పనయ్యాక అనసూయ టీచరుతో ఒక్క ముక్క రాసి పంపు.

రమాకాంత్

*

హనుమకొండ,
19 జూలై 2025

అన్నకు,

నువ్వు చెప్పినట్టు చేయబోయాను. అవును నొక్కే ముందు ఎందుకో చేయి ఆడక, మిషన్, రెండు డిస్కులు ఆటోలో వేసుకుని చంద్రమౌళి షాపుకు పోయి, ఆయన చేతనే చేయిద్దామనుకున్నాను. ఆయన విని లేచి నిలబడ్డాడు.

"మేడం, గిట్ల ఎవరు చెప్పిన్రు మీకు? అవునని నొక్కితే గంతే. అండ్ల ఉన్నయన్నీ పోతయ్. మల్ల ఎవ్వలు తేలేరు."

"చెప్పినాయన ముప్పై ఏళ్ల నుంచి ఇదే పనిలో ఉన్నాడు" అన్నాను.

"అయితే తెలువక చెప్పలే మేడం" అన్నాడు.

ఆ మాట నాకు నచ్చలేదు. మా అన్న గురించి అలా మాట్లాడొద్దని కొంచెం గట్టిగానే చెప్పాను. కానీ ఇంటికి వచ్చాక నీ రెండు ఉత్తరాలు పక్కపక్కన పెట్టి చదివాను. మొదటిదాంట్లో రాత్రింబవళ్లు తిరిగే కొత్త డిస్కులే కొనమన్నావు. రెండోదాంట్లో దండగ అన్నావు. నువ్వు తొందరలో రాసి ఉంటావు. లేకపోతే కొత్త మిషన్ల పద్ధతి మారిందేమో.

కొత్త డిస్కులు రెండు కొన్నాను, నువ్వు మొదట చెప్పినట్టే వేర్వేరు షాపుల్లో. కోపం తెచ్చుకోకు.

యమున

*

నెక్కొండ,
21 జూలై 2025

చెల్లెకు,

షాపువాళ్లకు డిస్కులు అమ్ముకోవడమే పని. నువ్వు ఎవరి మాట వినాలో నువ్వే ఆలోచించుకో.

ఆ 'మే' డిస్కు సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. నా చేతిలోంచే ఒకసారి కింద పడింది. లోపలి సూది దెబ్బతిన్నది. కరెంటు తగిలితే టిక్కు టిక్కుమని కొట్టుకుంటుంది, మిషన్ కూడా చెడుతుంది. దాన్ని దేనికీ తగిలించొద్దు. బావ సామాన్లు బయటివాళ్ల షాపుల్లో తిప్పడం కూడా మంచిది కాదు. ఎవరెవరి ఇండ్లల్లో ఆడపిల్లల పెండ్లిళ్లో ఉంటాయి అందులో.

ఈ ఆదివారం నేనే వస్తున్నాను. సంచి తీసి బయట పెట్టు.

రమాకాంత్

*

హనుమకొండ,
30 జూలై 2025

అన్నకు,

ఆదివారం నువ్వు వచ్చావు. ఎర్త్ వైరు గురించి అంత చెప్పినవాడివి, తీరా వచ్చాక మిషన్ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. సంచిలో డిస్కులు రెండుసార్లు లెక్కపెట్టావు. నేను చాయ్ తెచ్చేసరికి లేచి నిలబడి ఉన్నావు. రైలుకు వేళయిందన్నావు. ఇంకా రెండు గంటలు ఉంది.

నువ్వు పోయాక చూస్తే పది ఉన్నాయి. 'మే' లేదు. దాన్ని చుట్టిన గుడ్డ మాత్రం సంచిలోనే ఉంది. బాగు చేద్దామని తీసుకుపోయి ఉంటావు, చెప్పడం మర్చిపోయావనుకుంటున్నాను.

నీకు చెప్పని సంగతి ఒకటి నా దగ్గరా ఉంది. నీ మాట కాదని షాపాయన మాట విన్నానంటే నొచ్చుకుంటావని చెప్పలేదు. నువ్వు రావడానికి ముందు గురువారమే చంద్రమౌళి పదకొండు డిస్కులూ కొత్తవాటిలోకి కాపీ చేశాడు. ఒక్కటీ టిక్కుమనలేదు. 'మే' అన్నిటికన్నా శుభ్రంగా ఉందన్నాడు. అందులో ఏముందో నేను ఇంకా చూడలేదు.

తొందరేం లేదు. కుదిరినప్పుడు డిస్కు అనసూయ టీచరుకు ఇవ్వు.

యమున

*

నెక్కొండ,
31 జూలై 2025

యమునా,

ఆ డిస్కు ఇక లేదు. సుత్తె పెట్టి పగలగొట్టాను.

కాపీ కూడా తీసెయ్. ఎందుకని అడగకు. తెరవకు. చూస్తే నీకు మనిషి రెండోసారి చచ్చిపోతాడు. నన్ను ఎప్పుడైనా అన్నా అని మనసుతో పిలిచి ఉంటే ఈ ఒక్క పని చెయ్.

రమాకాంత్

*

హనుమకొండ,
24 ఆగస్టు 2025

రమాకాంత్ గారికి,

రెండు వారాలు తెరవలేదు. మీ మాట మీద గౌరవంతో కాదు, భయంతో. బడికి పోయి పాఠాలు చెప్పాను, పేపర్లు దిద్దాను. హాల్లో మిషన్ తిరుగుతూనే ఉంది. పక్క నుంచి పోతుంటే దాని వేడి కాలికి తగిలేది. పంద్రాగస్టు జెండా కట్టి ఇంటికి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా కూర్చుని చూశాను.

2014 మే 11. తొర్రూరు అవతల పెళ్లి. అన్నీ మామూలు ముక్కలే, ఒక్కటి తప్ప. పదకొండు నిమిషాలది. పెళ్లికి ముందు మధ్యాహ్నం, కెమెరాను స్టాండు మీద పెట్టి ఆపకుండా వదిలేసినట్టున్నారు. పందిరి, ఖాళీ కుర్చీలు. కరెంటు లేదు, పంకాలు ఆగి ఉన్నాయి. పక్కన కరెంటు స్తంభానికి వేసిన నిచ్చెన సగం కనిపిస్తోంది. నిచ్చెన కింద ఒక చెప్పుల జత. నిచ్చెన మీద రెండు పాదాలు. లైట్లు మోసే కట్టయ్యవి.

"రమన్నా, కరెంటోళ్లకు ఫోన్ చేసినవా? మల్ల ఇస్తరేమో" అని అతని గొంతు.

"చేసిన. గంట దాక రాదన్నరు. నువ్వు కొండి వెయ్, ఏం గాదు" అని మీ గొంతు.

తర్వాత ఏ చప్పుడూ లేదు. పందిరిలో పంకాలన్నీ ఒక్కసారిగా తిరగడం మొదలుపెట్టాయి. నిచ్చెన పక్కకు జారింది.

మీరు ఏడుస్తున్నారు. తర్వాత మీ బావ గొంతు. ఏ గొంతు వినడానికి నేను ఈ మిషన్ కట్టించుకున్నానో ఆ గొంతు. "రమా, ఏడ్వకు, ఇను. తాగి ఎక్కిండని చెప్దాం. వద్దంటే ఇనలేదని చెప్దాం. ఇద్దరిదీ ఒక్కటే మాట ఉండాలె." వంటల దిక్కు పోయి సీసా తెచ్చాడు. కింద పడి ఉన్న మనిషి చొక్కా మీద పోశాడు. నోట్లో కూడా రెండు చుక్కలు వేశాడు. ఆయన చేయి మోచేతి దాకా కనిపిస్తుంది. మా పెళ్లిరోజుకు నేను కొన్న గడియారం ఉంది ఆ చేతికి. చివరికి కెమెరా ఎర్రలైటు చూసినట్టున్నాడు, పక్క నుంచి చేయి వచ్చి బొమ్మ ఆగింది. అంతే.

ఆ రోజు ఆయన ఇంటికి వచ్చి అన్నం తినలేదు. "కట్టయ్య తాగి వైరు పట్టుకున్నడు" అన్నాడు. నేను నమ్మాను. మీరు కాపీ ఎందుకు తీసేయమన్నారో అర్థమైంది. ఇంతకాలం మీరిద్దరూ ఎలా అన్నం తిన్నారో అది అర్థం కావడం లేదు.

యమున

*

నెక్కొండ,
29 ఆగస్టు 2025

చెల్లె యమునకు,

గారు అని రాశావు. సరే.

నేను సబ్‌స్టేషనుకు ఫోన్ చేయలేదు. జేబులోంచి ఫోన్ తీయను కూడా తీయలేదు. పెండ్లివాళ్లు లైట్లు ఎప్పుడు పెడతారని మీద పడుతున్నారు, తొందరలో నోటికొచ్చింది అనేశాను. కట్టయ్య నా మాట మీద లైనుకు వైరు తగిలించడానికి ఎక్కాడు. నేలంతా కల్లాపి చల్లి తడిగా ఉంది. వైరు అతుకు దగ్గర టేపు ఊడి ఉందని నాకు ముందే తెలుసు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, బావకు కూడా.

బావ ఆ పని చేసింది నాకోసం. అప్పుడు నా బిడ్డ పుట్టి ఇరవై రోజులు. నన్ను జైలుకు పంపొద్దని చేశాడు. తర్వాత నా మొఖం చూడలేకపోయాడు, నేను ఆయనను చూడలేకపోయాను. స్టూడియో అందుకే రెండయింది. బొమ్మ తీసేశావా అని అడిగితే తీసేశానన్నాడు. ప్రతి ఏడు మే నెల వస్తే ఫోన్ చేసేవాడు. "పోదాం రమా, పూలమ్మకు చెప్దాం" అనేవాడు. వచ్చే ఏడు పోదాం అనేవాణ్ని. దవాఖానలో కూడా అదే మాట అన్నాడు. నువ్వు అప్పుడు మందులు తేవడానికి కిందికి పోయావు. ముందు నువ్వు లేచి తిరుగు, అప్పుడు పోదాం అన్నాను.

ఇప్పుడు నేను చెప్పేది నిదానంగా చదువు. ఇది బయటికి పోతే ఏం కనబడుతుంది? నా గొంతు వినబడుతుంది, గొంతు ఎవరిదైనా కావచ్చు. బావ చేయి మాత్రం కనబడుతుంది. గడియారంతో సహా. ఆయన పేరు మీద ఉమ్మేస్తారు. నీ బడిలో, నీ గల్లీలో నీ వెనక మాట్లాడుకుంటారు. నీ బిడ్డ అత్తగారింట్లో ఏమని చెప్పుకుంటుంది? నువ్వు ఒంటరిగా ఉంటున్నావు. ఇవన్నీ ఆలోచించు. నేను బెదిరించడం లేదు, ఉన్నది చెబుతున్నాను.

నొక్కాల్సింది ఒక్క బటనే.

రమాకాంత్

*

హనుమకొండ,
9 సెప్టెంబరు 2025

రమాకాంత్ గారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. బెదిరించడం లేదని రాసిన చోట మీ అక్షరాలు వంకరపోయాయి.

మా బిడ్డకు ఫోన్ చేసి మొత్తం చెప్పాను. "నాయిన పేరు బజార్ల పెడ్తానవా అమ్మా" అంది. అప్పటి నుంచి నా ఫోన్ ఎత్తడం లేదు. మీరు ఊహించింది మొదటి రోజే జరిగింది. ఇక దాని గురించి భయపడాల్సిన పని లేదు.

మొన్న ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని తొర్రూరు బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటోలో పూలమ్మ ఇంటికి పోయాను. పత్తి చేనులో కలుపు తీసి అప్పుడే వచ్చింది. కాళ్లు కడుక్కుంటూ, "ఎవలమ్మా?" అంది. ఫోటో శ్యాంసుందర్ భార్యనని చెప్పాను. లోపలికి పిలిచి కుర్చీ వేసింది. కట్టయ్య తల్లి మొగిలమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమెకు చూపు సరిగా లేదు. మనుమరాలు స్వరూప తలుపు దగ్గర నిలబడింది.

చెప్పాల్సిన మాటలు బస్సులో అన్నీ కూర్చుకున్నాను. ఒక్కటీ రాలేదు. "కట్టయ్య తాగలేదు పూలమ్మా. మా ఆయన అబద్ధం చెప్పాడు. అది వీడియోలో ఉంది" అన్నాను.

ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత, "సౌండు పెట్టకు. ముందుగాల మనిషిని సూస్త" అంది. మొదట పాదాలే కనిపిస్తాయని, మనిషి కింద పడ్డాకే కనిపిస్తాడని చెప్పాను. పెట్టాను. తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా జరిగింది. "గివి ఆయన చెప్పులే. ఎడమ దాని వారు తెగితే నేనే పిన్నీసు పెట్టిచ్చిన" అంది. తర్వాత సౌండుతో మొత్తం చూసింది. సీసా వచ్చినప్పుడు నేను మొఖం తిప్పుకున్నాను. ఆమె తిప్పుకోలేదు.

అయిపోయాక నా వైపు చూసి, "ఆయన దినాల నాడు నువ్వొచ్చినవ్ యమునమ్మా. బిడ్డను తాగేటోనికి మాత్రం ఇయ్యకని చెప్పి పోయినవ్. యాదికున్నదా?" అని అడిగింది.

ఉందన్నాను.

"నిన్నంటలే. నేను గూడ నమ్మిన. రెండేండ్ల సంది సుక్క ముట్టని మనిషి. చొక్కా వాసన సూసి మూడొద్దులల్ల నమ్మిన. ఇంట్ల దీపం కాడ గూడ ఆయన ఫోటో పెట్టలే."

గోడ దగ్గర ముసలామె, "ఏమంటాంది, ఏమంటాంది?" అని అడుగుతూనే ఉంది. ఎవరూ చెప్పలేదు. చివరికి స్వరూప పోయి చెవిలో చెప్పింది. ముసలామె ఏడుస్తుందనుకున్నాను. లేచి గోడ పట్టుకుని బయటికి పోయింది.

నేను వచ్చేటప్పుడు పూలమ్మ ఒక్కటే అడిగింది. "ఆ గొంతు మనిషి బతికే ఉన్నడు గదా. వచ్చే ఆయితారం మా వాకిట్లకు రమ్మను. బొమ్మల కాదు, ఎదురుంగ చెప్పుమను."

మీ ఊరు, షాపు ఎక్కడో ఆమెకు చెప్పాను. మీరు రాకపోతే ఆమే మీ షాపుకు వస్తుంది. కాపీ ఒకటి ఆమె దగ్గర ఉంది.

యమున

*

తొర్రూరు అవతలి నుంచి,
25 సెప్టెంబరు 2025

రమాకాంత్‌కు,

నేను పూలమ్మను. నా బిడ్డ స్వరూప రాస్తాంది. నేను చెప్పింది చెప్పినట్టే రాయిమన్న.

పోయిన ఆయితారం ముందుటి ఆయితారం నువ్వొచ్చినవ్. వాకిట్ల నిలబడ్డవ్. కుర్చీ ఏస్తే కూసోలే. శ్యాంసుందర్ సీసా తెచ్చిండు, శ్యాంసుందర్ పోసిండు, శ్యాంసుందర్ అట్ల చెప్పుమన్నడు అని చెప్పినవ్. సచ్చిపోయిన మనిషి పేరు ఎన్నిసార్లు చెప్పినవో స్వరూప లెక్కపెట్టింది. తొమ్మిదిసార్లు. యమునమ్మ పక్కనే కూసొని ఇన్నది. ఒక్కసారి గూడ కాదనలే.

మరి నువ్వు ఫోన్ చేసినవా అని నేనడిగిన. తల వంచినవ్. వైరు టేపు ఊడిందని యమునమ్మ చెప్పింది, నీకు ముందే ఎరికేనా అని అడిగిన. ఇగ మాట్లాడలే. మా పాలోల్లు, ఆయన అన్నదమ్ములు, నీ అంగి గల్ల పట్టుకోబోతే నేనే వద్దన్న. నిన్ను కొట్టి పంపితే, ఊరోళ్లు కొట్టి ఒప్పిచ్చిన్రు అని రేపు అంటవ్. కడుపు నిండ నీళ్లు తాగిచ్చి బస్సెక్కిచ్చిన.

నువ్వు పోయినంక రెండు రోజులకు యమునమ్మ నీ ఉత్తరాలన్నీ తెచ్చి నాకిచ్చింది. స్వరూప సదివి ఇనిపిచ్చింది. ఫోన్ చేయలేదని, టేపు సంగతి ముందే ఎరికేనని అండ్ల నీ చేతితోనే రాసినవ్. కాయితం మీద రాసిన మాట నా ముందట నోట్లకెందుకు రాలేదో నాకు తెల్వది.

పైసలిస్తనని బస్సు కాడ అన్నవ్. నాకు అద్దు.

మా అత్త మొగిలమ్మ సంగతి చెప్త. పదకొండేండ్ల సంది కొడుకు పేరు మీద పెత్రమాసకు, సచ్చిపోయినోల్ల అమాసకు, బియ్యం ఇయ్యలే. తాగి సచ్చినోనికి నేనియ్య అనేది. మొన్న పెత్రమాస నాడు పొద్దుగాల్నే లేచింది. కండ్లు కానరావు, కట్టె పట్టుకొని ఇంటింటికి తిరిగింది. నా కొడుకు తాగలేదట, నా కొడుకు తాగలేదట అని చెప్పుకుంట మా ఊరు మొత్తం తిరిగింది. వచ్చి నేల మీద కూలవడ్డది. సాయంత్రం దాక అన్నం ముట్టలే. గట్ల తిరిగే పని ఆమెది కాదు. నీది.

వచ్చే సోమవారం పొద్దుగాల పదింటికి తొర్రూరు ఠాణా కాడ ఉంటం. నేను, స్వరూప, యమునమ్మ. ఆ చెయ్యి నా పెనిమిటిదే అని సంతకం పెడ్తనని యమునమ్మ అన్నది. రెండుసార్లు అడిగిన, ఇంకోసారి ఆలోచన చేసుకోమన్న. పెడ్తనన్నది. ఆమె బిడ్డ ఇప్పటికీ ఫోన్ ఎత్తుతలేదట.

నీ గొంతు ఎవలదైనా కావచ్చని రాసుకున్నవ్. అది నీదే అని నువ్వే వచ్చి చెప్పు. లాయరును తోలుకొచ్చుకుంటవా, తోలుకొచ్చుకో. రాకుంటే ఠాణోల్లనే నీ ఇంటికి తోలిస్తం.

చెప్పింది పూలమ్మ
రాసింది కట్టయ్య బిడ్డ స్వరూప